లేడీ డాక్టరు వచ్చేదాకా

కొత్తగూడ చౌరస్తాలో దవాఖాన పెడుతున్నారని నాకు మొదట చెప్పింది యాదమ్మ. హఫీజ్‌పేటలో మా గల్లీకి రోజూ పాలు తెచ్చేది. ఆ రోజు గిన్నెలో పాలు పోస్తూ, "నీకు సూదులేసుడు వస్తది, ఉర్దూ వస్తది, తెలుగు వస్తది. ఆడ గసుంటోళ్లే గావాల్నట. ఇంట్ల కూసుంటే ఎవలొచ్చి పిలుస్తరు బిడ్డా, పోయి అడుగు" అంది. మనకు రాసిపెట్టిన తిండిగింజ సంగతి అల్లాహ్ ఎవరి నోట చెప్పిస్తాడో మనకు తెలియదు. నాకు యాదమ్మ నోట చెప్పించాడు. ఆమెకు మేలు జరగాలి.

తెల్లారి పోయి అడిగాను, చేరాను. అక్కడా, తర్వాత ఇంకో రెండు చోట్లా కలిపి పాతికేళ్లు నర్సుగా పనిచేసి ఇంటికొచ్చాను. ఇప్పుడు మా అన్న మనవరాలు నర్సింగ్ కాలేజీలో చేరింది. "దాదీ, పుస్తకంలో లేనిది ఏమన్నా ఉంటే చెప్పు" అని అడిగింది. ఆమె కోసం, ఆమె వంటి పిల్లల కోసం ఇది రాస్తున్నాను. డ్యూటీ చార్టులు ఎట్ల నింపాలో, ఇంక్రిమెంట్లు ఎట్ల వస్తాయో మీకు వేరే వాళ్లు చెబుతారు. నేను నలుగురు మనుషుల గురించి, నా తప్పు ఒకదాని గురించి చెబుతాను.

ఇంటి చదువు

నేను బడికి పోలేదు. మా అబ్బా హఫీజ్‌పేట స్టేషన్ పక్కన చిన్న డబ్బా కొట్టులో గడియారాలు బాగుచేసేవారు. పొద్దున నమాజ్ అయినంక నన్ను ముందు కూర్చోబెట్టుకుని ఖురాన్ చదివించేవారు, ఆ తర్వాత మస్లాలు. మస్లా అంటే ఫలానా సందర్భంలో మన ధర్మం ప్రకారం ఏం చేయాలి అన్న ప్రశ్న, దానికి జవాబు. జబ్బు పడ్డవాడు నమాజ్ ఎట్ల చేయాలి, ఉపవాసం ఎప్పుడు విడవొచ్చు, ఆడమనిషికి వైద్యం ఎవరు చేయాలి, ఇట్లాంటివన్నీ. తెలుగు, లెక్కలు పక్కింటి సత్తెమ్మ టీచరు నేర్పింది. పదో తరగతి ప్రైవేటుగా రాసి, ఏఎన్ఎం ట్రైనింగ్ చేశాను. బయట చదివిన చదువు అదొక్కటే.

అబ్బా మస్లా చెప్పే పద్ధతి ఆయన పనిలాగే ఉండేది. "గడియారం వెనక మూత తీసినమంటే అన్ని చక్రాలూ ముట్టుకోవాలని కాదమ్మా. ఏది చెడిందో దాన్నే ముట్టుకోవాలె. డాక్టరుకూ అంతే. అవసరం ఎంతో, చూపు అంతే" అనేవారు. ఇంత తేటగా చెప్పిన మాట నాకు ఏ క్లాసులోనూ దొరకలేదు.

గల్లీలో ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చి చిన్నచిన్న మస్లాలు అడిగేవారు. మొదట్లో "ఉండండి, అబ్బాను అడిగి చెబుతా" అనేదాన్ని. కొన్నాళ్లకు అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాను. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే గుర్తులేదు. అట్లాంటి అలవాట్లకు మొదటి రోజంటూ ఉండదు.

వరలక్ష్మి మేడం

మా దవాఖాన పన్నెండు మంచాల నర్సింగ్ హోం. తొంభైల చివరి సంవత్సరాలు. అవతల మాదాపూర్ వైపు గుండ్రటి అద్దాల బిల్డింగ్ లేస్తుండేది. రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేవారు. ఆ చప్పుడుకు మందుల అలమార అద్దాలు గలగలమనేవి, బాలింతలు పిల్లల చెవులు మూసేవారు. వచ్చేవాళ్లు రకరకాలు. పాలమూరు నుంచి వచ్చి కంకర మోసే ఆడవాళ్లు, పొలాలు అమ్ముకున్న కొండాపూర్ వాళ్లు, కూకట్‌పల్లిలో కొత్తగా కాపురం పెట్టిన కోస్తా అమ్మాయిలు, మా హఫీజ్‌పేట బురఖాల వాళ్లు. అందరూ ఒకే బెంచీ మీద జరిగి జరిగి కూర్చునేవారు.

దవాఖాన డాక్టర్ వరలక్ష్మి గారిది. ఆమె ప్రసూతి డాక్టరు. భీమవరం వైపు మనిషి, కూకట్‌పల్లి నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. కోపం ముక్కు మీద ఉండేది, నవ్వు దాని వెనకే ఉండేది. నన్ను ఉద్యోగంలోకి తీసుకునే రోజు రెండే ప్రశ్నలు అడిగారు. నరం దొరకని చెయ్యికి సెలైన్ ఎక్కించగలవా అన్నది మొదటిది. ఎక్కిస్తానన్నాను. పేషెంటు దగ్గర విన్నది బయట మాట్లాడకుండా ఉండగలవా అన్నది రెండోది. ఉంటానన్నాను. "మొదటిది నెలలో వస్తుంది. రెండోది రావడానికి నాకు పదేళ్లు పట్టిందమ్మా, చూద్దాం" అన్నారు.

రంజాన్ వస్తే ఆమెకు నాకన్నా హడావుడి ఎక్కువ. మా ఆడవాళ్లు ఉపవాసం ఉన్నామని చెప్పకుండా మాత్రలు తీసుకుపోయి, వేసుకోకుండా దాచేవారు. పూటకొకటి మూడు పూటలా వేసుకోవాల్సిన మాత్రను, పొద్దున ఒకటి రాత్రి ఒకటి సరిపోయే మందుగా మార్చగలరా అని అడిగాను. మార్చగలిగిన వాటిని మార్చారు. కండకు వేసే సూదితో ఉపవాసం పోదని అబ్బా చెప్పిన మాట ఆమెకు చెబితే, అది చీటీ మీద తెలుగులో రాయించి గోడకు అంటించారు. షుగరు ఎక్కువైన ఒక ముసలమ్మ ఉపవాసం విడవనని మొండికేస్తే, మేడం నా వైపు తిరిగి, "మీ నాన్నగారేమంటారు?" అని అడిగారు. జబ్బు మనిషికి మినహాయింపు ఉంది, తర్వాత తీర్చుకోవచ్చు, తీర్చలేకపోతే పేదలకు అన్నం పెట్టొచ్చు అని చెప్పాను. మేడం ముసలమ్మతో, "విన్నావుగా. మీ దేవుడు నీకంటే మెత్తనివాడు" అన్నారు. ముసలమ్మ నవ్వి, నీళ్లు తాగింది.

దగ్గి రావడం

డాక్టర్ ప్రభాకర్ గారు సర్జన్. వారానికి మూడు సాయంత్రాలు వచ్చేవారు. చెయ్యి మంచిది, మనసూ మంచిది. కానీ తెరలు ఉన్నాయన్న సంగతి ఆయన కంటికి ఆనేది కాదు. మొదటి వారంలోనే తెర జరిపి ఒక పెద్దామె దగ్గరికి సరాసరి వెళ్లారు. ఆమె దుప్పటి ముఖం మీదికి లాక్కుని లేచి, చెప్పులు వేసుకోకుండానే ఇంటికి పోయింది. నేను చెప్పులు పట్టుకుని చౌరస్తా దాకా ఉరికాను.

ఆ సాయంత్రం ఆయనే అడిగారు, "నేనేం చేయాల్సిందమ్మా?" అని. చిన్న నర్సును ఒక సర్జన్ అట్లా అడగడం నేను మళ్లీ చూడలేదు. నాకు తెలిసింది చెప్పాను. తెర బయట ఆగి ఒకసారి దగ్గండి సార్. నేను లోపల ఉన్నప్పుడే రండి. ఏది చూడాలో ముందు నాకు చెబితే అంతే తెరిచి ఉంచుతా, మిగతాది కప్పుతా. ఆయన మర్నాటి నుంచి దగ్గడం మొదలుపెట్టారు. ఆ దగ్గు ఎంత గట్టిగా ఉండేదంటే మందుల షాపతను ఒకసారి దగ్గు మందు పంపించాడు.

నేను పాత దుప్పట్లకు మధ్యలో చదరంగా కత్తిరించి అంచులు కుట్టి పెట్టాను. కడుపుకొకటి, నడుముకొకటి. మనిషంతా కప్పి ఉంటుంది, డాక్టరుకు కావలసిన చోటు మాత్రం తెరుచుకుంటుంది. వరలక్ష్మి మేడం వాటికి కిటికీ దుప్పట్లు అని పేరు పెట్టారు. చిత్రమేమిటంటే, వాటిని మా బురఖాల వాళ్లకన్నా ముందు అడిగింది పాలమూరు ఆడవాళ్లు. "సిస్టరమ్మా, ఆ కిటికీది ఎయ్యి నాకు" అనేవారు. కూకట్‌పల్లి నుంచి వచ్చే ఉద్యోగాల అమ్మాయిలు నోటితో అడిగేవారు కాదు, కళ్లతో అడిగేవారు. సిగ్గు ఒక్క మతం సొత్తు కాదు. ఆ బల్ల మీద పడుకున్న ప్రతి మనిషికీ ఉంటుంది. అడగలేని వాళ్లకు అడగకముందే కప్పండి.

మగవాళ్లకూ ఉంటుంది, మరిచిపోవద్దు. ఒక చాచా నడుముకు సూది వేయాలంటే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాంపౌండర్ భోజనానికి పోయాడు. చాచాకు చలిజ్వరం, పళ్లు టకటకమంటున్నాయి. మేడంను అడిగితే చేతికి వేసినా సరిపోతుందన్నారు. "చాచా, కుర్తా చెయ్యి మడవండి చాలు" అన్నాను. "ముందే చెప్పొచ్చు గద బేటీ, గంట సేపట్నుంచి గోడను మోస్తున్న" అన్నాడు. నిజమే, ముందే అడిగి ఉండాల్సింది. తక్కువతో పని అయ్యేచోట ఎక్కువ తెరవొద్దు.

ఇట్లా రెండేళ్లు గడిచేసరికి నాకు కొంచెం పేరు వచ్చింది. జైనబ్ ఉంటే భయం లేదు అనేవారు. ఆ మాట నాకు తీపిగా ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది ఆ తీపి చేసిన పని.

రహీమా బీ

రహీమా బీ మా వెనక గల్లీలో బట్టలు కుట్టేది. ముప్పై నాలుగేళ్లుంటాయి, ముగ్గురు పిల్లలు. భర్త ఖాజా ట్రాక్టర్ మీద బండరాళ్లు తోలేవాడు. ఆమె నోరు మంచి చురుకు. జాకెట్ కొలత తీస్తూ, "పోయినసారి కన్నా రెండు వేళ్లు ఎక్కువైనవ్, మేడం వాళ్లింటి పూతరేకుల మహిమా?" అనేది. గల్లీలో అందరి ఒంటి కొలతలూ ఆమెకు నోటికి వచ్చు. తన ఒంటి గురించి మాత్రం ఒక్క మాట పెగిలేది కాదు.

చిన్నపిల్లకు టీకా వేయించడానికి వచ్చిన రోజు, అందరూ పోయేదాకా కూర్చుంది. ఎడమ రొమ్ములో, చంక వైపు, చింతగింజంత గడ్డ తగులుతోందని చెప్పింది. నొప్పి లేదంది. వరలక్ష్మి మేడం చూశారు. దీన్ని సర్జన్ చూడాలి, సూదితో పరీక్ష చేయాలి, రేపు సాయంత్రం ప్రభాకర్ గారు ఉంటారు, రమ్మన్నారు.

వరండాలోకి రాగానే రహీమా నా చెయ్యి పట్టుకుంది. గల్లీలో అందరిలాగే నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. "ఆపా, మగ డాక్టరట. మస్లా ఏంది?"

ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన ఖాజా పక్కనే ఉన్నాడు. ఏ డాక్టరైతే ఏంది, తొందరగా చూపించుకుందాం అన్నాడు. అంటే ఆ మనిషి అడ్డం రాలేదు. ఆమె అత్త అడ్డం రాలేదు. ఇట్లాంటి కథల్లో ఇంటివాళ్ల మీద తప్పు వేయడం సులువు, కాబట్టి ముందే చెబుతున్నాను. అడ్డం వచ్చింది నేను.

పాఠం అప్పజెప్పినట్లు చెప్పాను. ఆడమనిషికి ముందు మన ఆడ డాక్టరు, ఆమె లేకపోతే వేరే మతపు ఆడ డాక్టరు, ఆ తర్వాతే మన మగ డాక్టరు, ఆఖరున వేరే మతపు మగ డాక్టరు. మా దగ్గరికి నెలకోసారి సిటీ నుంచి లేడీ సర్జన్ వస్తారు, ఇంకా ఇరవై రోజులే, ఆగు. రహీమా ముఖం తేటపడింది. ఖాజా కాసేపు తటపటాయించి, "మీరు చదువుకున్నోళ్లు ఆపా. మీరెట్లంటే గట్లనే" అన్నాడు.

తెల్లారి సాయంత్రం వరలక్ష్మి మేడం, ఆ అమ్మాయి రాలేదేమని అడిగారు. వస్తుందండి అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. లేడీ సర్జన్‌కు చూపించమని నేనే ఆపానని చెప్పి ఉంటే ఆమె ఆ క్షణమే నన్ను తిట్టి ఖాజా ఇంటికి మనిషిని పంపేవారు. ఆ సంగతి నాకు లోపల తెలుసేమో. అందుకే చెప్పలేదేమో. ఆ పై వారం మేడం నాలుగు కాన్పులతో ఊపిరాడకుండా ఉన్నారు, మళ్లీ అడగలేదు.

ఆ నెల లేడీ సర్జన్ రాలేదు. ఆమె ఇంట్లో ఏదో అడ్డం వచ్చింది. రెండో నెల వానలకు రోడ్డు మునిగి రాలేదు. రెండుసార్లూ రహీమాకు నేనే కబురు చెప్పాను, ఇంకొన్నాళ్లు అని. రెండుసార్లూ ఆమె సరే ఆపా అంది.

మూడో నెలలో ఒక శుక్రవారం నాకు జాకెట్ కొలత తీయడానికి మా ఇంటికి వచ్చింది. నా భుజం మీదికి టేపు వేయబోయి, చెయ్యి సగంలో ఆపేసింది. ముఖం ముడుచుకుంది. తలుపు వేసి చూపించమన్నాను. చింతగింజ నిమ్మకాయ అయింది. పైన చర్మం లోపలికి గుంజుకుపోయింది. ట్రైనింగ్‌లో క్యాన్సర్ అని మాకు చూపించిన బొమ్మ అదే. ఆమెను అక్కడే కూర్చోమని చెప్పి, ఎందుకో ముందు అబ్బా డబ్బా దగ్గరికి ఉరికాను.

అబ్బా చెప్పిన మిగతా సగం

అబ్బా కంటికి అద్దం పెట్టుకుని ఒక పాత గడియారం మీద వంగి ఉన్నారు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆయన అద్దం తీసి బల్ల మీద పెట్టారు.

"ఆగమని ఎవరు చెప్పిండ్రు?"

"మస్లా అదే కద అబ్బా. నువ్వే నేర్పినవ్. ముందు ఆడ డాక్టరు, ఆమె లేకపోతేనే మగ డాక్టరు."

"లేదు కద మరి. వారం దినాలు లేదు, నెల లేదు, రెండు నెలలు లేదు. ఇంకెట్ల ఉంటే లేనట్టు?"

అబ్బా గడియారాన్ని పక్కకు జరిపారు.

"నాలుగు తలుపులు ఎదురుంగ తెరిచి ఉంటే ఏ తలుపులకెల్లి పోతె మంచిదో చెప్పిండ్రు పెద్దలు. మూసిన తలుపు ముంగట కూసోమని ఎవరు చెప్పలే. ఆలస్యమైతే ప్రాణానికి ముప్పు అనుకున్నప్పుడు, తెలిసిన డాక్టరు ఎవరు ముందు దొరికితే వాళ్ల దగ్గరికి పోవుడే ధర్మం. అప్పుడు ఆగుడే తప్పు."

ఇది నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెద్దదైంది, స్టేషన్ వైపు పోయేవాళ్లు తిరిగి చూశారు. అబ్బా కోపం తెచ్చుకోలేదు. "నేర్పేనాడు నువ్వు పన్నెండేండ్ల పిల్లవు. సగమే చెప్పిన. మిగిలిన సగం అడుగుతవ్ అనుకున్న. నువ్వు అడుగుడు బంద్ చేసినవ్" అన్నారు. ఆ తర్వాత, "అడగకపోతే నేనన్న చెప్పాలె. అది నా తప్పు" అన్నారు.

డబ్బాకు తాళం వేసి నాతో వచ్చారు. రహీమాను తీసుకుని వాళ్లింటికి పోయాం. అబ్బా గడప బయటే నిలబడి, లోపల ఉన్న రహీమాకు, అప్పుడే ట్రాక్టర్ దిగిన ఖాజాకు వినపడేలా చెప్పారు. నా బిడ్డ మీకు మస్లా తప్పు చెప్పింది. దాని బాధ్యత మా ఇంటిది. ఈ రోజే చూపించుకోండి. చూపించుకుంటే పాపం లేదు, ఆపితే ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి పరాయి గడప ముందు నిలబడి నా తప్పును తన తప్పుగా చెప్పడం నేను విన్నాను. నా పాతికేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ ఐదు నిమిషాలు ఒక ఎత్తు.

అదృష్టం కొద్దీ ఆ సాయంత్రం ప్రభాకర్ గారు వచ్చే రోజు. ఖాజాను తెరకు అవతల నిలబెట్టాం. నేను రహీమా తల పక్కన నిలబడ్డాను. ఆయన దగ్గారు, ఆగారు, వచ్చారు. కావలసినంతే చూశారు, సూదితో పరీక్షకు తీశారు, "అయిపోయిందమ్మా" అని వెళ్లారు. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఐదు నిమిషాలను నేను రెండు నెలల పైన ఆపాను.

రహీమా బట్టలు సర్దుకుంటూ, "గింతేనా?" అంది. ఎవరూ నా మీద చెయ్యెత్తకుండానే ఆ మాట నన్ను కొట్టింది.

ఆ పూటే వరలక్ష్మి మేడం గదిలోకి పోయి జరిగింది చెప్పాను. ఆమె అరుస్తారనుకున్నాను. అరవలేదు, దానికే ఎక్కువ భయమేసింది. "నా పేషెంటుని నువ్వు ఆపావు. నేను అడిగితే వస్తుందన్నావు. నీకు మతం తెలుసు, నాకు వైద్యం తెలుసు. రెండూ ఒకచోట మాట్లాడుకోవాల్సింది కదా జైనబూ. నువ్వు ఒక్కదానివే రెండూ అయిపోయావు" అన్నారు. తను కూడా రెండోసారి అడగలేదని తనే అన్నారు. నన్ను తీసేయలేదు. రహీమాతో సిటీలో పెద్ద దవాఖానకు ప్రతిసారీ నన్నే పొమ్మన్నారు. అది శిక్షో దయో అప్పుడు తెలియలేదు.

పరీక్షలో క్యాన్సరే అని తేలినంక, మొదటే చూపిస్తే ఏమయ్యేదని ప్రభాకర్ గారిని అడిగాను. ఆయన దాచలేదు. "చెప్పలేనమ్మా. రొమ్ము మిగిలేదేమో. ప్రాణం సంగతి ఇంకా మన చేతిలోంచి పోలేదు, ముందు ఆ పని చూడు" అన్నారు.

రహీమా అడిగిన ప్రశ్న

ఆపరేషన్‌లో రొమ్ము తీసేశారు. చేసిందీ మగ సర్జనే. ఆ వార్డులో మంచం పక్కన కూర్చుని నేను మాఫీ అడిగాను. రహీమా ముఖం గోడ వైపు తిప్పుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం కలిపి పెడితే తినేది, తల దువ్వితే దువ్వించుకునేది. నోరు మాత్రం విప్పేది కాదు. అంత చురుకైన నోరు. ఆ రెండు రోజులు అల్లాహ్‌ను వేడుకుంటూ నేను చేసినన్ని దువాలు అంతకుముందు రెండేళ్లలో చేయలేదు.

మూడో రోజు పొద్దున తనే పిలిచింది.

"మాఫ్ చేసిన అంటే నువ్వు మరిచిపోతవ్ ఆపా. చెయ్యలే అంటే దినాం ఏడుస్తవ్, పని చెడగొడ్తవ్. రెండూ వద్దు. నా అసొంటిది ఇంకోతి వస్తది. మస్లా ఏంది అని అడుగుతది. ఏం చెప్తవ్?"

చెప్పాను. ఈ రోజు ఆడ డాక్టరు ఉంటే ఆమె దగ్గరికి పో. లేకపోతే ఉన్న మంచి డాక్టరు దగ్గరికి పో. నేను పక్కన ఉంటా.

"పొడుగైంది. అందాక అది లేచి పోతది. చిన్నగ చెప్పు."

మళ్లీ చెప్పాను. ఇంకోసారి చెప్పించింది. నాలుగోసారికి, "ఆగకు, నేను ఉంటా" అన్నాను.

"ఆఁ. గిట్ల చెప్పు" అని కళ్లు మూసుకుంది. కాసేపటికి కళ్లు మూసుకునే, "పప్పుల ఉప్పు లేదు నిన్న" అంది. నేను నవ్వి, ఏడ్చి, ఉప్పు కోసం పోయాను.

పిల్లలూ, పాతికేళ్లలో ఆ మాట ఎంతమందికి చెప్పానో లెక్క పెట్టలేదు. మీకూ అదే చెబుతున్నాను. పేషెంటు మిమ్మల్ని ధర్మం అడిగితే, మీకు తెలిసింది సగమే అనుకోండి. మిగతా సగం తెలిసిన పెద్దలను ఆ పూటే అడగండి. అడిగిందీ చెప్పిందీ డాక్టరుకు చెప్పండి. ధర్మం రోగిని కాపాడడానికి వచ్చింది. మన పేరును కాపాడడానికి రాలేదు. నాకు ఈ మాట తెలియడానికి ఒక మనిషి శరీరంలో భాగం పోయింది.

రహీమా ఇంటికి వచ్చి మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. మొదట తన కోసం జాకెట్‌లో ఒక పక్క మెత్తటి దూది పెట్టి కుట్టుకుంది. బరువు చాలక ఆ పక్క పైకి లేస్తుంటే, దూదిలో రాగులు కలిపి కుట్టింది. సరిపోయింది. మేడంకు చూపిస్తే, ఆమె ఇట్లాంటి ఆపరేషన్ అయిన ఇంకో ఇద్దరిని పంపారు. ఆ తర్వాత సిటీ నుంచి కూడా వచ్చేవారు. కోస్తా వాళ్లు, మన వాళ్లు, చర్చికి పోయే ఒక టీచరమ్మ. వాళ్ల దగ్గర ఒక కొలత ఎక్కువ తీయాలి, ఆ పూట మాత్రం ఆమె వేళాకోళం ఆడేది కాదు.

మామూలు జాకెట్లకు వచ్చేవాళ్లను మాత్రం వదిలేది కాదు. టేపు వేస్తూ, "ఎన్నడన్న తడిమి చూస్కున్నవా? సిగ్గుపడకు, నీదే కద" అనేది. అట్లా ఆమె నా దగ్గరికి పంపిన వాళ్లలో ఇద్దరికి గడ్డ చింతగింజంత ఉండగానే దొరికింది. ఒకామెను చూసింది ప్రభాకర్ గారే. నేను పక్కన ఉన్నాను. ఇద్దరూ బతికి ఉన్నారు, ఒకామెకు మనవళ్లు.

రహీమా ఏడేళ్లు బతికింది. ఆ తర్వాత జబ్బు ఎముకల్లోకి వచ్చింది. చివరి నెలలు వాళ్లింట్లోనే చూసుకున్నాను. మిషన్ ముందు కూర్చోలేకపోయినా, మంచం మీద నుంచే పెద్ద కూతురికి కొలతలు చెప్పేది. ఒకరోజు ఒళ్లు తుడుస్తూ ఉండబట్టలేక మళ్లీ అడిగాను, నన్ను మాఫ్ చేశావా అని. ఆమె నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "పని చెయ్యి ఆపా" అంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు. పదిరోజులకు పోయింది. మాఫ్ చేసిందో లేదో నాకు తెలియదు. రేపు అల్లాహ్ ముందు ఇద్దరం నిలబడితే తెలుస్తుంది. ఆ భయంతోనే నేను మిగిలిన ఉద్యోగమంతా జాగ్రత్తగా చేశాను. అందుకు కూడా ఆమెకు రుణపడి ఉన్నాను.

ఇంతదాకా చదివారు కాబట్టి ఒకటి అడుగుతాను. నా గురించి దువా చేయమని కాదు. మీ ప్రార్థన ఏదైనా సరే, చేసేటప్పుడు హఫీజ్‌పేట దర్జీ రహీమా బీ పేరు ఒకసారి తలుచుకోండి. ప్రార్థన అలవాటు లేనివాళ్లు, మీ ఇంట్లో ఆడవాళ్లలో ఎవరైనా డాక్టరు దగ్గరికి పోవడానికి తటపటాయిస్తుంటే, ఆ పూటే వెంట వెళ్లండి. వెళ్తూ ఆమెను తలుచుకోండి.